పేల దువ్వెన దగ్గర మొదలుపెట్టండి: బాలికల గృహంలో ఆరోగ్యం గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 12 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న 42 మంది ఆడపిల్లలు ఉండే బాలికల గృహంలో మీరు రెండు నెలల క్రితం సూపరింటెండెంట్‌గా చేరారు. పిల్లల శారీరక, మానసిక ఆరోగ్యం కోసం ఏడాది ప్రణాళిక రాసి పంపమని పైఅధికారులు అడిగారు. వారానికి మూడు రోజులు యోగా, నెలకొక మానసిక నిపుణురాలి ఉపన్యాసం, మూడు నెలలకొక వైద్య శిబిరం అని చిత్తుప్రతి రాసుకుని, ఇంకేం చేర్చాలని అడిగారు. ఇటువంటి గృహాల్లో మొదట కౌన్సెలర్‌గా, తరువాత సూపరింటెండెంట్‌గా ఇరవై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషిని కాబట్టి కొంత చొరవ తీసుకుని చెబుతున్నాను: ఏదైనా చేర్చే ముందు వరస మార్చండి. మీ ఉపన్యాసాలూ శిబిరాలూ కలిపి లెక్కవేసినా పిల్లల ఏడాదిలో నలభై గంటలు మించవు. మిగిలిన వేల గంటలూ నిద్ర లేవడం, నీళ్ల దగ్గర నిలబడడం, పళ్లెం, జడ, బడి, చదువు, పడక వీటిలోనే గడిచిపోతాయి. పిల్లలు బాగుపడేదీ, చెడేదీ ఆ గంటల్లోనే. పైగా ఈ పిల్లల మనసు దగ్గరికి పోయే దారి వాళ్ల ఒంటిని మనం ఎలా చూసుకుంటామన్న దాని మీదుగానే పోతుందని, శరీరానికొక రిజిస్టరూ మనసుకొక రిజిస్టరూ పెట్టి వేర్వేరుగా నడిపితే రెండూ ఖాళీగానే ఉంటాయని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఎలా అర్థమైందో చెబుతాను. రైల్వే స్టేషన్‌లో దొరికిందని తీసుకొచ్చిన పద్నాలుగేళ్ల పిల్ల ఒకతి ఆరు వారాల పాటు నా గదిలో నా ఎదురుగా కూర్చుని "ఊ", "లేదు" తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. నేను నేర్చుకున్న పద్ధతులన్నీ ప్రయోగించాను. ఒక శనివారం మధ్యాహ్నం ఆయమ్మ సెలవు పెట్టడంతో పేలు చూసే పని నా మీద పడింది. వెనక వరండా మెట్ల మీద కూర్చుని, ఒళ్లో తెల్ల గుడ్డ పరుచుకుని, పేల దువ్వెనతో ఒక్కొక్క పాయ తీసి దువ్వుతున్నాను. ఆ పిల్ల నా కింది మెట్టు మీద, అటువైపు తిరిగి కూర్చుంది. పావుగంట అయ్యాక, "మా అమ్మ కూడా ఇట్లాగే గట్టిగా లాగేది మేడమ్" అంది. నేను చెయ్యి ఆపలేదు. ఆ తరువాత గంటన్నర సేపు అమ్మ గురించి, అమ్మ పోయాక వచ్చిన పిన్ని గురించి, ఇంట్లోంచి ఎందుకు వచ్చేసిందో దాని గురించి చెబుతూనే ఉంది. ముఖంలోకి చూసేవాళ్లు లేరు, రాసుకునేవాళ్లు లేరు, చేతులకు పని ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేయవచ్చు. ఇవేవీ నా కౌన్సెలింగ్ గదిలో లేవు. అప్పటినుంచి శనివారం తలలు చూసే పనిని ఆయమ్మలకే వదిలెయ్యకుండా, కౌన్సెలర్, నర్సు, నేను కూడా తలా నలుగురైదుగురిని పంచుకున్నాం. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. లైంగిక హింసకు గురైన పిల్లలకు తలమీద చెయ్యి పడితేనే ఒళ్లు బిగుసుకుపోతుంది. ముందు అడగండి, వద్దంటే దువ్వెన ఆమె చేతికే ఇచ్చి పక్కన కూర్చోండి.

కొత్తగా వచ్చిన పిల్ల విషయంలో మొదటి రాత్రి చాలా ముఖ్యం. గృహానికి చేరేసరికి ఆమె తన కథను పోలీసులకు, వైద్యులకు, పిల్లను ఎక్కడ ఉంచాలో నిర్ణయించే బాలల సంక్షేమ సమితికి కనీసం మూడుసార్లు చెప్పి ఉంటుంది. మనం నాలుగోసారి అడగనక్కర లేదు. వేడినీళ్లు, శుభ్రమైన బట్టలు, కడుపునిండా అన్నం, బాత్‌రూమ్ ఎక్కడో చూపించడం, రాత్రి ఒక లైటు వేసి ఉంచడం, ఎవరి పక్కన పడుకుంటావని అడగడం, ఆ రోజుకు ఇవి చాలు. వైద్య పరీక్ష మర్నాడు తీరిగ్గా చేయించి, బరువు, ఎత్తు, హిమోగ్లోబిన్, కంటిచూపు, పళ్లు, చర్మం, పాత మందులు, నెలసరి వివరాలు ఒక కార్డులో రాయండి. బాలల న్యాయ చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నియమాల ప్రకారం నెలనెలా వైద్య పరీక్ష చేసి ప్రతి పిల్లకూ వైద్య రికార్డు నిర్వహించాలి కాబట్టి ఆ కార్డు ఎలాగూ ఉండాల్సిందే. టీకాల కార్డు చాలామందికి ఉండదు. 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేయాల్సిన టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా పడిందో లేదో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మాట్లాడి తేల్చుకోండి. కళ్ల పరీక్షను తేలిగ్గా తీసుకోకండి. మొద్దు పిల్ల, చదువు మీద ధ్యాస లేదు అని టీచర్లు తేల్చేసిన ఇద్దరు అమ్మాయిలకు నల్లబల్ల కనిపించడం లేదని వాళ్లకు కళ్లజోళ్లు వచ్చాకే నాకు తెలిసింది.

ఇక రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో సుమారు 59 శాతం మందికి, మగపిల్లల్లో 31 శాతం మందికి రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది. తల్లిదండ్రుల దగ్గర పెరిగే పిల్లల సంగతే ఇలా ఉంటే, రోడ్ల మీదనుంచో, ఇళ్లలో పనికి కుదిరినచోటునుంచో మీ దగ్గరికి వచ్చినవాళ్ల సంగతి ఊహించవచ్చు. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. 8 కంటే తక్కువైతే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. వారానికొకటి చొప్పున ఇచ్చే నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అది రక్షణ కోసం ఇచ్చే మోతాదు. ఇప్పటికే రక్తహీనత ఉన్న పిల్లకు వైద్యులు రోజువారీ మోతాదు రాస్తారు. మాత్రలు సరఫరా అవుతాయి, రిజిస్టరులో సంతకాలూ ఉంటాయి, అయినా హిమోగ్లోబిన్ పెరగదు. కారణం కిటికీ కింద దొరుకుతుంది. మా గృహంలో వానకు తడిసి రంగు వెలిసిన నీలి మాత్రలు కిటికీ అవతల గుప్పెడు దొరికాయి. పిల్లలను తిట్టకుండా ఎందుకని అడిగితే, వికారంగా ఉంటుందని, విరేచనం నల్లగా వస్తోందని, ఇవి పిల్లలు పుట్టకుండా ఇచ్చే మాత్రలని పెద్దపిల్ల ఎవరో చెప్పిందని చెప్పారు. అప్పుడు రాత్రి భోజనం అయిన అరగంటకు మాత్ర ఇవ్వడం, నల్లగా రావడం మామూలేనని ముందే చెప్పడం, మేమూ వాళ్ల ముందే ఒకటి వేసుకోవడం మొదలుపెట్టాం. మాత్రతో పాటు నిమ్మరసం లేదా జామకాయ ముక్క మంచిది. టీ, పాలు మాత్రకు గంట ఇటూ అటూ ఉండకూడదు. నులిపురుగుల నివారణ రోజులు ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో ఇచ్చే ఆల్బెండజోల్‌ను కూడా ఇదే శ్రద్ధతో వేయించండి. కొంకిపురుగు కాళ్ల గుండా లోపలికి వచ్చి రక్తం పీలుస్తుంది కనుక మరుగుదొడ్ల దాకా చెప్పులు వేసుకుని వెళ్లే అలవాటు మాత్రకంటే తక్కువదేం కాదు.

తిండి విషయంలో మెనూ బోర్డు చూసి తృప్తిపడకండి, పళ్లెం చూడండి. గుడ్డు, తోటకూర పప్పు, రాగిజావ, పల్లీ చిక్కీ అని బోర్డు మీద ఉన్నవన్నీ చివరి వరసలోని పిల్ల పళ్లెంలోకీ వస్తున్నాయా అన్నదే ప్రశ్న. వారానికి రెండు రోజులు మీరు చివరి వరసలో కూర్చుని అదే అన్నం తినండి. వంటగది తానంతట తానే దారికి వస్తుంది. ఆకలి తెలిసిన పిల్లలు తిండి దాచుకుంటారు. ట్రంకు పెట్టెలో బట్టల మధ్య గట్టిపడిన చపాతీలు, చీమలు పట్టిన బిస్కట్లు కనిపిస్తే దాన్ని దొంగతనంగా చూడవద్దు. రేపు పెడతారో లేదో అన్న భయం అది. మేము భోజనాల గదిలో మూతపెట్టిన డబ్బాలో మరమరాలు, పుట్నాలపప్పు, బెల్లం ఎప్పుడూ ఉంచి, ఎవరు ఎప్పుడైనా తీసుకోవచ్చన్నాం. మొదటి వారం రోజుకు రెండు డబ్బాలు ఖాళీ అయ్యాయి, వంటమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. నెల తిరిగేసరికి డబ్బా రెండు రోజులు వచ్చేది, పెట్టెల్లో చీమలు కూడా పోయాయి. శిక్షగా అన్నం మానిపించడం ఎక్కడైనా జరుగుతుంటే ఆ రోజే ఆపించండి. కొట్టడం సంగతి వేరే చెప్పనక్కరలేదు: 2015 బాలల న్యాయ చట్టంలోని 82వ సెక్షన్ కింద గృహంలో పిల్లలను క్రమశిక్షణ పేరుతో కొట్టడం నేరం, మొదటిసారి పదివేల రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నెలల దాకా జైలు.

గజ్జి గురించి ప్రణాళికల్లో ఎవరూ రాయరు గానీ, మీకు మొదట ఎదురయ్యేది అదే. నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. గోకుతున్న తొమ్మిది మందికి మాత్రమే మందు రాయించాను. మూడు వారాల్లో ఇరవై మందికి పాకింది. మళ్లీ ఆ ఇరవై మందికే రాయించాను, మళ్లీ వచ్చింది. దురద ఉన్నా లేకపోయినా గృహంలో ఉన్న ప్రతి ఒక్కరికీ, ఆయమ్మలతో సహా, ఒకే రాత్రి వైద్యులు చెప్పిన పెర్మెత్రిన్ క్రీమును మెడనుంచి అరికాళ్ల దాకా, గోళ్ల సందుల్లోనూ రాసి, పొద్దున్నే స్నానం చేయించి, ఆ రోజే దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేసి, వారం తరువాత మళ్లీ ఒకసారి ఇదంతా చేస్తేనే అది వదులుతుంది. ఉతకలేని వాటిని ప్లాస్టిక్ సంచిలో కట్టి కనీసం మూడు రోజులు పక్కన పెట్టండి. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుందని పిల్లలకు ముందే చెప్పాలి. రాత్రంతా గోక్కుంటూ నిద్రపోని పిల్ల పగలు చిరాకు పడితే దాన్ని ప్రవర్తనా సమస్య అని ఫైలులో రాసిన రోజులున్నాయి, నేనే రాశాను.

నిద్ర మాట వచ్చింది కనుక చెబుతాను. ఈ వయసువాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. పైగా యుక్తవయసులో నిద్ర ముంచుకొచ్చే వేళే ఆలస్యమవుతుంది. మన గృహాల్లో పది గంటలకు దీపాలార్పి నాలుగున్నరకు గంట కొడతారు. ఎందుకంత పొద్దున్నే అంటే చదువుకని చెబుతారు గానీ అసలు కారణం స్నానాల గదులు చాలకపోవడం. మేము సగం మందికి స్నానం సాయంత్రం ఆటల తరువాత పెట్టి, ప్రతి నెలా జట్లు మార్చాం. లేచే గంట ఆరుకు మారింది. ఆ ఏడాది ఏ కార్యక్రమమూ ఇవ్వని ఫలితం నాకు ఆ ఒక్క మార్పు ఇచ్చింది. తగాదాలు తగ్గాయి, బడిలో కునికిపాట్లు తగ్గాయి. పన్నెండు పదమూడేళ్ల పిల్ల పక్క తడిపితే తడిసిన దుప్పటి అందరి ముందూ మోయించడం ఇంకా కొన్నిచోట్ల ఉంది. మూత్ర పరీక్ష, షుగరు పరీక్ష చేయించండి, మలబద్ధకం ఉందేమో అడగండి, రబ్బరు షీటు, ఒక జత అదనపు బట్టలు ఆమె చేతికందేలా పెట్టి, ఎవరికీ తెలియకుండా మార్చుకునే వీలు కల్పించండి. కొత్తగా మొదలైందంటే ఏదో భయపెట్టింది అని అర్థం చేసుకుని, ఏమిటా అని నెమ్మదిగా కనుక్కోండి.

నెలసరి ప్యాడ్లు అడిగి తీసుకునే వస్తువుగా ఉండకూడదు. స్నానాల గది దగ్గర అల్మారాలో ఉంచి, ఖాళీ అయితే నింపడం మీ పని. మూతపెట్టిన చెత్తబుట్ట, వేడినీళ్ల సంచి, వెల్లుల్లి కారం అన్నం పెట్టే వంటమ్మ ఉంటే చాలావరకు జరిగిపోతుంది. వారం దాటి రక్తం పోయినా, బడికి వెళ్లలేనంత నొప్పి నెలనెలా వచ్చినా వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాలి.

యోగా పెట్టండి, వద్దనను. కానీ రోజుకు గంట సేపు ఒళ్లు అలిసే ఆట ఉండాలి, అది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వయసుకు చెప్పిన లెక్క. పదమూడో ఏడు వచ్చేసరికి ఆడపిల్లలు ఆట మానేసి గట్టు మీద కూర్చుంటారు. ఎందుకు మానేశారో అడిగితే, లోదుస్తులు సరైనవి లేవని, గోడ అవతలనుంచి మగపిల్లలు చూస్తారని చెబుతారు. ఈ రెండూ తీర్చగలిగినవే. ఖో-ఖో, కబడ్డీ ఆడే పిల్ల నవ్వుతూ, అరుస్తూ, ఒకరినొకరు పట్టుకుని పడుతూ లేస్తూ ఉంటుంది. కళ్లు మూసుకుని కూర్చోమంటే కొందరికి చెడ్డ జ్ఞాపకాలే ముందు వస్తాయి. అటువంటి పిల్లను ధ్యానంలో బలవంతంగా కూర్చోబెట్టవద్దు.

ఇప్పుడు మనసు సంగతి. మీ గృహంలో అనారోగ్యాల రిజిస్టరు ఒకటి ఉంటుంది. దాన్ని తేదీల వారీగా కాక వారాల వారీగా చదవండి. నేను ఒకసారి అలా చదివితే, ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు మధ్య కడుపునొప్పి అని రాసిన పేర్లు మిగతా ఆరు రోజుల మొత్తం కంటే ఎక్కువున్నాయి. ఆదివారం బంధువులు వచ్చే రోజు. గేటు దగ్గర పేర్లు పిలుస్తుంటే పేరు పిలవని పిల్లల కడుపులు నొప్పెట్టేవి. అది నటన అనుకుంటే పొరపాటు. బెంగ పెట్టుకున్న పిల్లకు కడుపే ముందు నొప్పెడుతుందని మన పెద్దవాళ్లకు తెలుసు. మేము ఆదివారం మధ్యాహ్నం ఎవరూ రాని పిల్లలను కూరగాయల మార్కెట్‌కు నాతోపాటు తీసుకెళ్లడం మొదలుపెట్టాం, బేరాలు వాళ్లే ఆడేవారు. సంక్రాంతి, దసరా సెలవులు ఇంతకంటే కష్టం. నలభై మందిలో ముప్ఫై మంది వెళ్లిపోయాక మిగిలిన పదిమంది మీద ఆ ఖాళీ మంచాలు ఎంత బరువో ఊహించండి. సిబ్బంది సెలవులన్నీ అప్పుడే పెడతారు. ఆ వారం మీరు గృహంలో ఉండండి. మంచాలన్నీ ఒక గదిలోకి జరిపించండి, అరిసెలు వాళ్ల చేతే వండించండి. అన్నో చెల్లో వేరే గృహంలో ఉంటే ఇద్దరినీ కలిపించే పని బాలల సంక్షేమ సమితి ద్వారా ముందే చేసుకోండి. చాలా వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికల్లో తోబుట్టువుల కాలమ్ ఖాళీగా ఉంటుంది.

కోసుకోవడం గురించి మీరు అడగలేదు, కానీ ఈ వయసు పిల్లలున్న చోట ఎప్పుడో ఒకసారి ఎదురవుతుంది. మా దగ్గర ఒక పదహారేళ్ల పిల్ల షార్ప్‌నర్ బ్లేడు ఊడదీసి ముంజేతి మీద గీతలు పెట్టుకుంది. నేను కంగారులో అందరినీ హాలులో కూర్చోబెట్టి ఉపన్యాసమిచ్చి, అందరి పెట్టెలూ వెతికించాను. పది రోజుల్లో ఇంకో ముగ్గురు కోసుకున్నారు. అందరి ముందూ చర్చ పెట్టడమే దాన్ని పాకించింది. తరువాత నేర్చుకున్నదేమిటంటే, గాయానికి కట్టు కట్టే పని ప్రశాంతంగా, తిట్టకుండా, అతిగా ఓదార్చకుండా చేసి, ఆ రోజు ఏం జరిగిందో విని, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం మీకు వద్దు, పుట్టదు. చాలామంది పిల్లలు అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే, ఎలా అని ఆలోచించిందో అడగండి, ఒంటరిగా వదలకండి, మందుల అల్మారా, ఫినాయిలు, ఎలుకల మందు తాళంలో పెట్టండి, అదే రోజు జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యులకు చూపించండి. రాత్రివేళ ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మామూలుగా చలాకీగా ఉండే పిల్ల రెండు వారాలు దాటి ముభావంగా ఉండడం, తిండి, నిద్ర, బరువు మారడం, వస్తువులు పంచిపెట్టేయడం, లేదా చాలాకాలం దిగులుగా ఉన్న పిల్ల హఠాత్తుగా నెమ్మదించడం వీటిని చూసేవాళ్లు ఆయమ్మలే. కౌన్సెలర్ వారానికోసారి వస్తుంది, ఆయమ్మ రోజూ ఉంటుంది. అందుకే మీరు ఉపన్యాసాలకు పెట్టే సమయంలో సగం ఆయమ్మలకు, వాచ్‌మన్‌కు, వంటమ్మకు నేర్పడానికి పెట్టండి.

ఒక్కొక్కసారి ఒకమ్మాయి కళ్లు తిరిగి పడిపోతే చూస్తుండగానే ఆరేడుగురు పడిపోతారు, గంటలో ఊరంతా గృహంలో దెయ్యముందని చెప్పుకుంటుంది. మొదట అన్నంలో, నీళ్లలో, గ్యాసులో తేడా ఉందేమో వైద్యులతో తేల్చుకోండి. అది లేదని తేలాక, పడినవారిని చిన్న గుంపులుగా వేరుచేసి, గుమిగూడిన జనాన్ని, కెమెరాలను గేటు బయటే ఆపి, దినచర్యను మామూలుగా నడిపించండి. నటిస్తున్నారని మాత్రం అనకండి. పరీక్షల ముందు, గృహంలో ఎవరైనా చనిపోయినప్పుడు, కొత్త వార్డెన్ గదమాయింపు ఎక్కువైనప్పుడు ఇది వస్తుంది. మొదట పడిన పిల్లతో విడిగా, తీరిగ్గా మాట్లాడితే అసలు సంగతి తెలుస్తుంది.

పిల్ల మీతో ఏదైనా చెప్పబోయే ముందు, ఎవరికీ చెప్పనని ఒట్టేయమంటుంది. వేయకండి. నిన్ను కాపాడడానికి అవసరమైతే ఒకరిద్దరికి చెప్పాలి, ఎవరికి చెబుతానో నీకు ముందే చెబుతాను అనండి. లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం మీ విధి; సంస్థ బాధ్యులు తమ కిందివారి నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు శిక్ష ఉంది. పిల్లల సూచనల పెట్టెను ఆఫీసు గదికి దూరంగా పెట్టండి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోకండి. నియమాల ప్రకారం అది నిర్వహణ కమిటీ అధ్యక్షుల దగ్గర ఉండాలి, వారానికోసారి పిల్లల కమిటీ ఎదుట తెరవాలి. మొదట్లో అందులో కూర ఉప్పగా ఉందన్న చీటీలే వస్తాయి. ఆ ఉప్పు సంగతి మర్నాడే సరిచేస్తే, రెండో నెలలో అసలు చీటీలు రావడం మొదలవుతాయి.

సిబ్బంది గురించి ఒక్క విషయం. రుమేనియాలోని బుకారెస్ట్‌లో 2000 ప్రాంతంలో అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లలతో మొదలైన అధ్యయనంలో, ఆశ్రమంలోనే ఉండిపోయినవారి కంటే పెంపుడు కుటుంబాలకు వెళ్లినవారి తెలివితేటలు, అనుబంధం మెరుగ్గా ఉన్నట్టు కనిపించింది. వాళ్లు పసివాళ్లు, మీ పిల్లలు పెద్దవాళ్లు, నిజమే. అయినా మారని మనిషి ఒకరు ఉండడం ఈ వయసులోనూ అవసరం. మీ 42 మందిని అయిదు చిన్న జట్లుగా చేసి, ఒక్కో జట్టుకు ఒక సిబ్బందిని ఏడాది పాటు మార్చకుండా కేటాయించండి. పుట్టినరోజు తెలియని పిల్లకు ఒక తేదీ ఎంచుకోమని అడిగేది, ప్రగతి పత్రం మీద సంతకం పెట్టేది, ఆసుపత్రికి వెంట వెళ్లేది ఆ ఒక్క మనిషే కావాలి. పన్నెండు గంటల డ్యూటీ చేసి, రెండు నెలల జీతం అందని ఆయమ్మ నుంచి ఓపిక ఆశించలేం. ఆమె జీతం ఫైలు వెంటపడడం కూడా మీ ఆరోగ్య ప్రణాళికలో భాగమే. ఇక సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గం కావాలని చట్టమే చెబుతోంది కనుక, ఇంటికి సురక్షితంగా వెళ్లగలిగిన పిల్ల పేరు ప్రతి మూడు నెలలకూ సమితి ముందుకు తీసుకెళుతూ ఉండండి.

పదిహేడు నిండుతున్న పిల్లల విషయంలో ఆలస్యం చేయకండి. పద్ధెనిమిది దాటాక 21 ఏళ్ల దాకా తదనంతర సంరక్షణ కింద సాయం అడిగే వీలుంది, దానికి ముందునుంచే రాయాలి. ఆరోగ్య కార్డు నకలు, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఆమె వాడే మందుల పేర్లు ఒక ఫైలులో పెట్టి ఆమె చేతికే ఇవ్వండి. అన్నిటికీ మనమే వెంట వెళ్లడం అలవాటైన పిల్లకు ఆసుపత్రిలో ఎక్కడ నిలబడాలో తెలియదు. చివరి ఏడాదిలో మేము ఒక్కొక్కరినీ ప్రభుత్వ ఆసుపత్రికి పంపి, ఓపీ చీటీ తానే రాయించుకుని, డాక్టరుకు తన నొప్పి తన మాటల్లో చెప్పి, మందులు తెచ్చుకోమనేవాళ్లం. ఆయమ్మ గేటు బయట వేపచెట్టు కింద కూర్చునేది, లోపలికి వెళ్లేది కాదు. మొదటిసారి వెళ్లిన పిల్ల చీటీ మీద వయసు తప్పు పడిందని తిరిగి కౌంటరు దగ్గరికి వెళ్లి దిద్దించుకుని వచ్చింది. మీ ప్రణాళికలో మూడు నెలలకొక వైద్య శిబిరం అని రాసిన చోట, ఒక శిబిరాన్ని తీసేసి దీన్ని రాయండి.